ప్రశ్న – జవాబు: ఫుట్‌పాత్‌కి నో పార్కింగ్ బోర్డు అక్కర్లేదు

విజయనగరం, శ్రీకాకుళం పాఠకులు పార్కింగ్ చలానాల మీద, ఫుట్‌పాత్‌ల మీద పెట్టే బళ్ల గురించి అడిగిన ప్రశ్నలివి. ఒకే తరహావి కలిపేశాం.

ప్రశ్న: ఎం.జి. రోడ్డులో బట్టల షాపులో గుమస్తాగా చేస్తున్నాను. ఎదురుగా ఫుట్‌పాత్ మీద బైకు పెడితే చలానా వేశారు. చుట్టుపక్కల నో పార్కింగ్ బోర్డు ఒక్కటీ లేదు. నా బండి పక్కన ఇంకో పది బళ్లున్నాయి, వాటికి వెయ్యలేదు. బోర్డు లేకపోతే చలానా చెల్లదంటున్నారు. నిజమేనా? – విజయనగరం

జవాబు: రోడ్డు విషయంలో అయితే ఆ మాటలో కొంత నిజముంది. ఫుట్‌పాత్ విషయంలో లేదు. 2017లో కేంద్రం తెచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్లు కొన్ని చోట్ల బండి నిలపడాన్ని నేరుగా నిషేధించాయి. ఫుట్‌పాత్, సైకిల్ ట్రాక్, జీబ్రా గీతలు, కూడలి అంచు నుంచి 50 మీటర్ల లోపు, బస్టాపు దగ్గర, బడి, ఆసుపత్రి గేట్ల దగ్గర, ఎవరి గేటుకైనా అడ్డంగా, ఆగి ఉన్న బండి పక్కన రెండో వరసలో. వీటికి బోర్డు ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాడికి ఇది తెలిసే ఉండాలన్నది చట్టం లెక్క. 50 మీటర్ల నిబంధన చాలామందికి తెలియదు. అడుగడుక్కీ ఓ సందు వచ్చి కలిసే పాత బజారులో టేపు పట్టుకుని కొలిస్తే, రోడ్డు మీద కూడా ఇబ్బంది లేకుండా బండి పెట్టుకునే జాగా మిగిలేది కొంచెమే.

ఇక జరిమానా. మోటారు వాహనాల చట్టం 177ఎ సెక్షన్ కింద, అంటే ఈ రెగ్యులేషన్లు ఉల్లంఘించినందుకు, 500కి తగ్గకుండా 1000 దాకా. సాధారణ సెక్షన్ 177 కింద రాస్తే తొలిసారి 500 దాకా, మళ్లీ చేస్తే 1500 దాకా. 2019 సవరణకి ముందు ఇదే తప్పుకి తొలిసారి 100 రూపాయలే. అందుకే పాతకాలం వాళ్లు ‘వంద కట్టి పోదాం’ అనుకుని బండి పెట్టేస్తుంటారు.

పక్కన పది బళ్లున్నా మీ ఒక్కరికే పడిందన్నది అన్యాయంగా అనిపించొచ్చు గాని, వాదనగా నిలవదు. వాళ్లకి వెయ్యకపోవడం వల్ల మీ బండి ఫుట్‌పాత్ దిగిపోదు కదా. ఈ చలానా కట్టేయండి.

ప్రశ్న: నాది ఫుట్‌పాత్ కాదు. కోట జంక్షన్‌కి చాలా అవతల, రోడ్డు అంచున కారు పెట్టాను. నో పార్కింగ్ బోర్డు ఉన్నమాట నిజమే గాని దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేశారు. ఇంటికొచ్చాక ఫోన్‌లో చలానా. ఎవరిని అడగాలి? – విజయనగరం

జవాబు: ఇది పోరాడదగ్గ కేసు. అయితే క్రమం తప్పకూడదు.

అన్నిటికన్నా ముందు, డబ్బు కట్టకండి. చలానా కట్టడమంటే తప్పు ఒప్పుకుని రాజీ చేసుకోవడమే. మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ కింద కేసు అక్కడితో ముగిసిపోతుంది. ‘ముందు కట్టేసి తర్వాత అడుగుదాం’ అనుకున్నవాళ్లకి తిరిగొచ్చేది ఉండదు.

రెండోది, చలానా తెరిచి చదవండి. మొత్తం ఎంతో చూసి మూసేస్తారు చాలామంది. చూడవలసినవి బండి నంబరు, తేదీ, టైము, చోటు, ఏ సెక్షన్ కింద రాశారు, ఫొటో. ఫొటోలో ఉన్నది మీ బండేనా, నంబరు ప్లేటు చదవడానికి వస్తోందా, చక్రాలు ఎక్కడున్నాయి, బోర్డు కనిపిస్తోందా? ఫ్లెక్సీ కప్పిన బోర్డు వాళ్ల ఫొటోలోనే పడి ఉంటే మీ పని సగం వాళ్లే చేసిపెట్టినట్టు.

మూడోది, ఆ చోటికి మళ్లీ వెళ్లి ఫొటోలు తియ్యండి. ఫ్లెక్సీలు రెండు రోజుల్లో మాయమవుతాయి, కాబట్టి అదే రోజు వెళ్లాలి. దూరం నుంచి ఒకటి, పక్క షాపు బోర్డు పేరుతో సహా పడాలి. మీరు వచ్చిన దిక్కు నుంచి, కారు సీటు ఎత్తులో ఒకటి. బోర్డుకి దగ్గరగా ఒకటి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంచండి. బోర్డు రకం కూడా చూసుకోండి. నీలం గుండ్రంలో ఎర్రటి అంచు, ఒక్క ఎర్ర అడ్డగీత ఉంటే నిలిపి ఉంచరాదు. రెండు గీతలు ఇంటూ గుర్తులా ఉంటే అసలు ఆపనే కూడదు. కింద బాణమో, టైమో రాసి ఉంటే ఆ మేరకే వర్తిస్తుంది. రోడ్డు అంచు రాయికి పసుపు రంగు వేసి ఉంటే మాత్రం బోర్డు కనపడలేదన్న మాట పనికిరాదు, పసుపు అంచు దగ్గరా పార్కింగ్ నిషిద్ధమే. నలుపు తెలుపు చారలు అలాంటివి కావు. అవి చీకట్లో అంచు కనపడటానికి.

నాలుగోది అర్జీ. ట్రాఫిక్ పోలీస్ స్టేషన్లో ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడ కదలకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అర్జీ ఒక్క పేజీ దాటొద్దు. చలానా నంబరు, బండి నంబరు, ‘బోర్డు కనపడకుండా కప్పబడి ఉంది’ అన్న ఒకే ఒక్క కారణం, జతపరిచిన ఫొటోలు. కానిస్టేబులు ఎలా మాట్లాడాడో, మీకు ఎంత అవసరమైన పని ఉందో రాస్తే అసలు పాయింటు మునిగిపోతుంది. కేంద్రం వారి పరివాహన్ ఈ-చలాన్ సైటులో వచ్చిన చలానాకైతే అదే సైటులో ఫిర్యాదు పేజీ ఉంది, ఫొటోలు అక్కడ కూడా ఎక్కించవచ్చు.

అర్జీ తిరగ్గొడితే మేజిస్ట్రేటు కోర్టు. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాలకి కోర్టు ఆరు నెలల్లోపు కేసు తీసుకోవాలి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకే ఉంది కాబట్టి, ఆరు నెలలు దాక్కుంటే పోతుందనుకోవడం తెలివైన పని కాదు. 500 రూపాయల చలానా కోసం రెండు వాయిదాలకి సెలవు పెట్టుకుని తిరగాలా అన్నది మీరు తేల్చుకోవాలి. మా మాట అడిగితే, అర్జీ తప్పకుండా ఇవ్వండి, కోర్టు దాకా వెళ్లడం మీ ఓపిక. జాతీయ లోక్ అదాలత్ రోజున రాజీపడదగ్గ కేసుగా పరిష్కరించుకునే దారి కూడా ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, ఫోను 15100.

ఒక్క సంగతి. కెమెరాతో వేసిన చలానా అయితే కేంద్ర మోటారు వాహనాల నిబంధన 167ఎ వర్తిస్తుంది. తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి, ఫొటోలో నంబరు ప్లేటు కనపడాలి, తేదీ, టైము, చోటు ఉండాలి. ఈ నిబంధన కింద చెప్పిన నగరాల జాబితాలో విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయి. పరికరాల్లో సీసీ కెమెరా, స్పీడ్ గన్, ఒంటికి తగిలించుకునే కెమెరా లాంటివి చెప్పారు. సొంత సెల్‌ఫోన్ ఫొటో అందులోకి వస్తుందా అన్నది వాదించదగ్గదే. కాని ఫొటోలో బండి నిలపకూడని చోట స్పష్టంగా ఉంటే ఆ పాయింటు మీద పెద్ద ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: ‘మీ బండికి చలానా ఉంది, వివరాలు చూడండి’ అని వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. నేనసలు ఆ రోజు బండే తియ్యలేదు. – నెల్లిమర్ల

జవాబు: తెరవకండి. పేరు చివర ‘ఏపీకే’ అని ఉన్నది ఫొటో కాదు, చలానా కాదు, మీ ఫోన్‌లోకి దిగే యాప్. దిగితే బ్యాంకు ఓటీపీలు అవతలివాడికి చేరతాయి. చలానా ఉందో లేదో మీరే అధికారిక సైటులో బండి నంబరు కొట్టి చూసుకోండి. తెరిచేసి ఉంటే వెంటనే నెట్ ఆపి, బ్యాంకుకి చెప్పి, 1930కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: డే అండ్ నైట్ కూడలి దగ్గర నుంచి నా బైకుని ఎత్తుకెళ్లారు. వెళ్లి డబ్బు కట్టి తెచ్చుకుంటే సైలెన్సరు నొక్కుకుపోయి ఉంది, ఇండికేటరు విరిగింది. ఎత్తుకెళ్లే అధికారం వాళ్లకి ఉందా? నష్టం ఎవరిస్తారు? – శ్రీకాకుళం

జవాబు: అధికారం ఉంది, షరతులున్నాయి. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం పార్కింగ్ నిషిద్ధమైన చోట ఉన్న బండినీ, బహిరంగ స్థలంలో పది గంటలకి పైగా వదిలేసిన బండినీ తీయించవచ్చు, చక్రానికి తాళం వేయించవచ్చు. అయితే ఆ ఆజ్ఞ ఇవ్వవలసింది ఆ పరిధిలో పనిచేసే, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి. టోయింగ్ బండి కుర్రాళ్లు తమంతట తాము ఎత్తుకుపోవడానికి లేదు. టోయింగ్ ఖర్చు యజమానిదే, అది చలానాకి అదనం. రెండిటికీ వేర్వేరు లెక్క అడగండి, రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి.

నష్టం సంగతి తేలేది బండి గేటు దాటక ముందే. ఇంటికి తెచ్చాక ‘అక్కడే విరిగింది’ అంటే నమ్మేవారుండరు. బండి దగ్గరికి వెళ్లగానే నాలుగు వైపులా, అడుగున సైలెన్సరు, ఫుట్ రెస్టు, హ్యాండిలు చివరలు ఫొటో తియ్యండి. విడుదల రిజిస్టరులో సంతకం పెట్టేచోట ‘ఇండికేటరు విరిగి ఉంది’ అని మీ చేత్తో రాసి అప్పుడు సంతకం చెయ్యండి. రాయనివ్వకపోతే అదే రోజు స్టేషన్లో వేరే కాగితం ఇచ్చి రసీదు పుచ్చుకోండి. హ్యాండిల్ లాక్ వేసిన బండిని ఒక పక్కకి లాగి ఎత్తినప్పుడు బరువంతా ఫుట్ రెస్టు మీదా సైలెన్సరు మీదా పడుతుంది. ఈ రెండే ముందు దెబ్బతినేది అందుకే.

ఇన్సూరెన్స్‌లో ఓన్ డ్యామేజీ, అంటే సొంత బండికి జరిగే నష్టానికి బీమా, ఉంటే క్లెయిము చెయ్యొచ్చు. టూవీలరుకి తప్పనిసరిగా మినహాయించే మొత్తం 100 రూపాయలే గాని, క్లెయిము చేస్తే వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఒక్క ఇండికేటరు కోసం అది లాభసాటి కాదు.

ప్రశ్న: ఘంటస్తంభం దగ్గర మాది తాతల నాటి దుకాణం. ముందున్న ఫుట్‌పాత్ పాడైతే మా డబ్బుతోనే టైల్స్ వేయించి, బైకులు ఎక్కడానికి ఇనుప ర్యాంపు పెట్టించాం. మా ఖాతాదార్ల బళ్లు అక్కడ పెడితే చలానాలు వేస్తున్నారు. మేం బాగుచేసుకున్న చోటుకి కూడా మాకు హక్కు లేదా? – విజయనగరం

జవాబు: లేదు. టైల్స్ మీవి, నేల కార్పొరేషన్‌ది. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో 402వ సెక్షన్ వీధికి అడ్డమొచ్చే కట్టడాలని నిషేధిస్తుంది, 405వ సెక్షన్ అలాంటివాటిని ముందుగా నోటీసు ఇవ్వకుండానే తీయించే అధికారం కమిషనరుకి ఇస్తుంది. మీ ర్యాంపు రెండోదాంట్లోకి వస్తుంది. ఏనాడో ఓ ఉదయం జేసీబీ వచ్చాక లబోదిబోమనే కంటే ముందే తీయించుకోవడం మేలు.

అసలు ఆ ఫుట్‌పాత్ ఎందుకు పాడైందో ఒకసారి ఆలోచించండి. మన పట్నాల్లో చాలాచోట్ల ఫుట్‌పాత్ అంటే మురుగు కాలవ మీద పరిచిన సిమెంటు పలకలే. అవి మనుషుల నడకకి లెక్కగట్టినవి. పక్కన వేసే ఇంటర్‌లాకింగ్ ఇటుకలు కూడా నడకకైతే 60 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది, కింద రెండు మూడు సెంటీమీటర్ల ఇసుక పరుస్తారు. వాటి మీదకి కారు ఎక్కితే ఒక్కో చక్రం మీద సుమారు 300 కిలోలు దిగుతుంది. ఇసుక పక్కలకి జరుగుతుంది, ఇటుక ఒక అంచున కుంగుతుంది, వాన నీళ్లు ఆ సందులోంచి దిగి మిగిలిన ఇసుకని కూడా కాలవలోకి తీసుకుపోతాయి. బైకు తేలికే గాని సైడ్ స్టాండు కాలు రూపాయి బిళ్లకి కొంచెం పెద్దది. బరువంతా ఆ ఒక్కచోటే గుచ్చుతుంది. మీ టైల్స్ ఇంకా పలచన, ఇంకా తొందరగా పగులుతాయి. పైగా వాటిని సిమెంటుతో అతికించేస్తే వానల ముందు పూడిక తీయడానికి పలక పైకి లేవదు. జూలైలో మీ దుకాణం ముందే మురుగు పొంగిందంటే కారణం అదే కావచ్చు.

స్తంభాలు పాతించమని కొందరు దుకాణదారులు కార్పొరేషన్‌ని అడుగుతున్నారు. చక్రాల కుర్చీ పట్టాలంటే స్తంభాల మధ్య కనీసం ఒకచోటైనా 1.2 మీటర్ల ఖాళీ వదలాలి. బైకు హ్యాండిలు వెడల్పు 70–80 సెంటీమీటర్లు. అంటే కుర్చీ పట్టే సందులోంచి బైకు దర్జాగా దూరుతుంది. స్తంభాలు కార్లనీ ఆటోలనీ ఆపుతాయి, బైకుల్ని ఆపవు. మా దృష్టిలో వాటి బదులు రోడ్డు మీదే గీతలు గీసి బైకులకి జాగా చూపించడం మంచిది. ఒక కారుకి 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు కావాలి. అదే చోట ఆరు బైకులు పడతాయి. బజారు వీధిలో ఒక్క కారు జాగా తీసేసి ఆరుగురు ఖాతాదార్లకి ఇస్తే నష్టపోయే వ్యాపారి ఎవరు? మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ కింద పార్కింగ్ చోట్లు నిర్ణయించేటప్పుడు స్థానిక సంస్థని సంప్రదించాలి. వ్యాపారుల సంఘం తరఫున కొలతలతో నక్షా గీసి కమిషనరుకీ ఎస్పీకీ ఇద్దరికీ ఇవ్వండి. ఒకరికే ఇస్తే రెండో ఆఫీసు మీదకి తోసేస్తారు.

ప్రశ్న: మా అమ్మగారు వాకర్ పట్టుకుని నడుస్తారు. ఏడు రోడ్ల కూడలి నుంచి పాలకొండ రోడ్డు వైపు ఫుట్‌పాత్ మీద బళ్లు, షాపు మెట్లు, జనరేటర్లు. రోడ్డు మీద నడవక తప్పడం లేదు. ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు లేరు. – శ్రీకాకుళం

జవాబు: ఎవరికి చెప్పారన్నదే అసలు ప్రశ్న. ఫుట్‌పాత్ మీద అడ్డు మూడు రకాలు, మూడింటికీ వేర్వేరు గుమ్మాలు. బళ్లయితే ట్రాఫిక్ పోలీసులు. మెట్లు, ర్యాంపు, జనరేటరు, ఫ్లెక్సీ ఫ్రేము అయితే కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగం. కింది స్థాయిలో వార్డు సచివాలయంలోని ప్లానింగ్ సెక్రటరీ. తోపుడు బళ్లయితే 2014 వీధి విక్రేతల చట్టం కింద టౌన్ వెండింగ్ కమిటీ. వాళ్లని తరిమెయ్యడం కాదు, వేరే చోటు చూపించాలి. మూడూ కలిపి ఒకే అర్జీలో రాస్తే, ప్రతివారూ ఇది మా పరిధి కాదని రాసి పక్కన పెడతారు. మూడు కాగితాలు ఇవ్వండి.

కార్పొరేషన్‌కి పురమిత్ర యాప్‌లో ఫొటోతో పంపొచ్చు. ఫొటోలో టేపు పెట్టి తియ్యండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం నడవడానికి అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. బైకు పొడవు సుమారు 2 మీటర్లు, అడ్డంగా పెడితే దారి మొత్తం పోతుంది. నిలువుగా పెట్టినా మిగిలేది మీటరు. ‘చాలా ఇబ్బందిగా ఉంది’ అని రాసేకంటే ‘1.8 మీటర్లకి 40 సెంటీమీటర్లు మిగిలింది’ అని రాసిన అర్జీని పక్కన పెట్టడం కష్టం.

సుప్రీంకోర్టు 2025 మే 14న ఫుట్‌పాత్ వాడుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని చెప్పింది. ఆ తేదీ అర్జీలో రాయండి. అప్పటికీ కదలకపోతే ఆర్డీవోకి బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద అర్జీ పెట్టవచ్చు. దారికి అడ్డు తొలగించమని ఆయన ఆజ్ఞ ఇవ్వగలరు. దారికి అడ్డు కలిగించినందుకు బీఎన్ఎస్ (కొత్త శిక్షాస్మృతి) 285వ సెక్షన్ కింద 5000 రూపాయల దాకా జరిమానా ఉంది, పాత శిక్షాస్మృతిలో ఇది 200. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ‘ఫలానా రోడ్డులో ఫుట్‌పాత్ మంజూరైన వెడల్పు ఎంత, ఆక్రమణలపై ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు’ అని అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘ఎందుకు తీసుకోలేదు’ అని మాత్రం అడక్కండి. ఉన్న రికార్డు ఇవ్వాలే తప్ప కారణాలు చెప్పనక్కర్లేదని తప్పించుకుంటారు.

ప్రశ్న: ఎదురింటాయన కారు రోజూ మా గేటుకి అడ్డంగా పెడతారు. నేను నో పార్కింగ్ బోర్డు తగిలించాను. చక్రంలో గాలి తీసేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. – విజయనగరం

జవాబు: గాలి తీస్తే కేసు మీ అబ్బాయి మీదకి తిరుగుతుంది. మీ బోర్డుకి చట్టబలం లేదు, గేటుకి అడ్డం పెట్టకూడదన్న నిబంధనకి ఉంది. బోర్డు లేకపోయినా అది తప్పే. కారు కదలక మీరు బయటికి రాలేకపోతే 112కి చెయ్యండి. గేటు పక్కన గోడ వెంబడి రోడ్డు మాత్రం మీది కాదు. అక్కడ పూలకుండీలు, రాళ్లు పెట్టి జాగా ఆపుకుంటే రేపు ఆయనే మీ మీద ఫిర్యాదు చెయ్యొచ్చు.

ప్రశ్న: సిరిమానోత్సవం రోజున మామూలుగా పెట్టుకునే చోటే బండి పెడితే ఎత్తుకెళ్లారు. గెజిట్‌లో వెయ్యకుండా ఒక్క రోజుకి నిషేధం పెట్టొచ్చా? – గజపతినగరం

జవాబు: పెట్టొచ్చు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద నెల రోజులకి మించని ఆంక్షలకి గెజిట్ అక్కర్లేదు, స్థానికంగా తెలిసేలా ప్రకటిస్తే చాలు. తొలేళ్లకి (సిరిమానుకి ముందురోజు ఉత్సవం) ముందే పేపర్లలో పార్కింగ్ మైదానాలు, మళ్లింపులు వేస్తారు. మూడు లాంతర్ల నుంచి కోట దాకా సిరిమాను తిరిగే దారిలోనూ దాన్ని ఆనుకున్న సందుల్లోనూ మంగళవారం బండి తీసుకెళ్లకపోవడమే మంచిది.

ప్రశ్న: రెండేళ్ల కిందట స్కూటరు అమ్మేశాను. ఇప్పటికీ దాని పార్కింగ్ చలానాలు నా ఫోన్‌కే వస్తున్నాయి. కొన్నాయన ఫోనెత్తడం లేదు. – ఆమదాలవలస

జవాబు: ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఆయనే యజమాని. డబ్బు చేతులు మారినంత మాత్రాన బాధ్యత మారదు. అమ్మినవారు 14 రోజుల్లోపు ఫారం 29తో రవాణా శాఖకి తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లోపు ఫారం 30తో తన పేర మార్చుకోవాలి. చాలామంది రెండు ఫారాల మీదా సంతకాలు చేసి కొన్నవారి చేతికిచ్చి ఊరుకుంటారు. మీరు ఇప్పుడైనా అమ్మకం కాగితం, కొన్నవారి ఆధార్ నకలు, డబ్బు ముట్టిన బ్యాంకు వివరం జతచేసి ఆర్టీవో ఆఫీసులో అర్జీ ఇవ్వండి. దాని రసీదు నకలుతో ట్రాఫిక్ స్టేషన్లో రెండో అర్జీ పెట్టండి. బండి ఎవరు నడుపుతున్నారో అడిగితే చెప్పవలసిన బాధ్యత మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ కింద మీదే కాబట్టి ఆయన పేరు, చిరునామా అందులోనే రాసెయ్యండి. చలానాలు చిన్నవి. అదే స్కూటరు రేపు ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం కేసులో మొదటి పేరు మీదే ఉంటుంది. ఈ పని ఈ వారంలోనే చెయ్యండి.